మన్యంలో సాయుధ సంఘర్షణలు: సామాన్యుల కడగండ్లు

అరకు లోయ, పాడేరు, చింతపల్లి, గూడెం, రంపచోడవరం, పార్వతీపురం కొండలను, వాటికి ఆనుకొని ఒడిశా వైపున ఉన్న కోరాపుట్, మల్కనగిరి అడవులను కలుపుకొన్న తూర్పు కనుమల గిరిజన సీమను తెలుగువారు వాడుకలో మన్యమనీ, ప్రభుత్వ పరిభాషలో ఏజెన్సీ అనీ అంటారు. పంతొమ్మిదో శతాబ్దపు తిరుగుబాట్ల నుంచి ఇరవై ఒకటో శతాబ్దపు మావోయిస్టు పోరాటం దాకా ఈ సీమ దాదాపు రెండు వందల ఏళ్ళుగా విడతలు విడతలుగా సాయుధ సంఘర్షణలకు నెలవైంది. ఆ సంఘర్షణల్లో ఆయుధం పట్టని జనానికి కలిగిన ప్రాణహాని, నిర్బంధ చాకిరీ, ఆకలి, వలస, లైంగిక హింసకు సంబంధించిన ఆరోపణలు, న్యాయం దక్కడంలో జాప్యం ఈ వ్యాసానికి విషయం. పోరాటాల నాయకుల చరిత్ర, వారి సిద్ధాంతాలు, సైనిక వ్యూహాలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి కావలసినంత మేరకే ఇక్కడ వస్తాయి.

ఈ సంఘర్షణలను పాలకులు సాధారణంగా యుద్ధమని పిలవలేదు. ఆంగ్లేయుల దస్తరాల్లో అవి 'పితూరీలు'. తిరుగుబాటు, అలజడి అనే అర్థంతో ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు నేటి మైదానపు తెలుగులో చాడీ, ఫిర్యాదు అనే అర్థం స్థిరపడింది. తిరుగుబాటుకు పెట్టిన పేరే చాడీకి పేరైన ఈ సీమలో, చాడీ చెప్పాడన్న అనుమానం తరవాతి కాలంలో ఎన్నో ప్రాణాలను తీసిందన్నది గమనించదగిన విషయం. స్వాతంత్ర్యం వచ్చాక అదే స్థితికి 'శాంతిభద్రతల సమస్య', 'కల్లోలిత ప్రాంతం', 'వామపక్ష తీవ్రవాదం' అనే పేర్లు వచ్చాయి. ఇది కేవలం మాటల పట్టింపు కాదు. ప్రకటిత యుద్ధంలో సైనికుడు ఎవరో, రైతు ఎవరో విడదీసి చూడాలన్న నియమం కనీసం కాగితం మీదైనా ఉంటుంది. పితూరీలో ఆ గీత ఉండదు. తిరుగుబాటుదారు తిరిగే కొండంతా, ఆ కొండ మీద బతికే జనమంతా అనుమానితులే అవుతారు.

కొండలు, ముఠాలు, ఏజెన్సీ చట్టం

మన్యంలోని ఊళ్ళు చాలావరకు ఇరవై ముప్ఫై ఇళ్ళ గూడేలు. బగత, కొండదొర, వాల్మీకి, కోందు, పోర్జా, గదబ, కోటియా, కొండరెడ్డి, కోయ, సవర, జాతాపు మొదలైన తెగలవారు వాటిలో నివసిస్తారు. కొండవాలున అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కందులు చల్లి పండించే పోడు వ్యవసాయం వారి జీవనాధారం. కొన్ని గ్రామాల సముదాయాన్ని ముఠా అనీ, దాని మీద శిస్తు వసూలుకూ కట్టుబాటుకూ బాధ్యుడైన స్థానిక పెద్దను ముఠాదారు అనీ అనేవారు. ఏడాదికి సరిపడా గింజ ఒకే పంటకాలంలో చేతికి వచ్చే ఇలాంటి చోట గాదెను తగలబెట్టడమంటే మరుసటి వర్షాకాలం దాకా ఆ ఊరికి ఆకలిని రాసివ్వడమే. ఆ సంగతి దండయాత్రలు చేసినవారికి బాగా తెలుసు.

1835-37 మధ్య గంజాం కొండల్లో జరిగిన ఘుంసూరు యుద్ధంలో కంపెనీ సైన్యం తిరుగుబాటుదారులకు ఆశ్రయమిచ్చాయన్న అనుమానంతో కోందుల గ్రామాలను తగలబెట్టడాన్ని ఒక పద్ధతిగానే అమలు చేసింది. పర్లాకిమిడి, విశాఖపట్నం జమీందారీల్లోనూ, ఆ తరవాత ఘుంసూరులోనూ అల్లర్లను అణచడానికి మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక కమిషనరుగా నియమించిన జార్జి రస్సెల్ సిఫారసుల ఫలితంగా 1839 నాటి 24వ చట్టం వచ్చింది. ఆ చట్టం ఈ కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి అప్పగించింది. ఏజెన్సీ అనే పేరు అలా వచ్చిందే. పన్ను వసూలు, పోలీసు, న్యాయం మూడూ ఒకే అధికారి చేతిలో పడడంతో, దౌర్జన్యం జరిగిందని కొండవాసి చెప్పుకోవలసింది కూడా చాలా సందర్భాల్లో ఆ దౌర్జన్యానికి బాధ్యత వహించే యంత్రాంగానికే అయింది.

రంప పితూరీ, 1879-80

గోదావరికి ఉత్తరాన ఉన్న రంప ప్రాంతంలో 1879 మార్చిలో మొదలైన తిరుగుబాటుకు కల్లు మీద పన్ను తక్షణ కారణం. జీలుగు, తాటి చెట్ల కల్లు కొండవాసికి ఏడాదిలో కొన్ని నెలల పాటు ఆహారంతో సమానం. దానిపై మన్సబుదారు వసూలు చేసే చిగురు పన్నుకు తోడు, కొత్త అబ్కారీ నిబంధనలు కల్లు గీతను మైదానం నుంచి వచ్చిన గుత్తేదారుల పరం చేశాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి మొదలైనవారి నాయకత్వంలో పితూరీ గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. మద్రాసు సైన్యపు పటాలాలతో పాటు హైదరాబాదు కంటింజెంటు దళం కూడా కొండలెక్కింది. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య, ఆ తరవాత అదే ఏడాది తమ్మన్నదొర హతులయ్యారు. పట్టుబడిన పలువురిని అండమానుకు పంపారు.

రెండు వర్గాల చేతా సామాన్యుడు నలిగిపోవడం ఈ పితూరీ నుంచే స్పష్టంగా కనిపిస్తుంది. సైన్యం వెంట బియ్యం, గుడారాలు, మందుగుండు మోయడానికి దారి పొడుగునా ఊళ్ళ నుంచి మనుషులను పట్టుకుపోయేవారు. కూలి ఇవ్వకుండా, ఇచ్చినా నామమాత్రంగా ఇచ్చి చేయించుకునే ఈ చాకిరీని వెట్టి అంటారు. మోత మోసినవాడు తిరుగుబాటుదారుల దృష్టిలో సర్కారు మనిషి, మోయనన్నవాడు సర్కారు దృష్టిలో పితూరీదారు. తిరుగుబాటుదారులు కూడా పోలీసు ఠాణాలతో ఆగక, సర్కారుకు సాయపడ్డారనుకున్న ఊళ్ళను కొల్లగొట్టిన ఘటనలు ఉన్నాయి. చేతికి చిక్కిన కానిస్టేబుళ్ళను నరికి చంపిన సందర్భాలనూ నాటి ప్రభుత్వ వృత్తాంతాలు నమోదు చేశాయి. ఈ రెండో భాగాన్ని దేశభక్తి చరిత్రలు తరచుగా దాటవేస్తాయి, మొదటి భాగాన్ని నాటి గెజిటీర్లు దాటవేశాయి.

1922-24: దండు, దారి, దండుగ

అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు పూర్వరంగంలో అడవి చట్టాలతో పాటు ఒక రోడ్డు కూడా ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాసులను న్యాయమైన కూలి ఇవ్వకుండా పనిలో పెట్టాడన్న ఆగ్రహం పోరాటానికి నిప్పంటించిన కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉన్న రాజు దళం ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను దాటిపోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను మాత్రమే కాల్చి చంపింది. భారతీయులను చంపరాదని రాజు పెట్టిన ఈ కట్టడి ఆనాటి పోరాటాల్లో అరుదైన నియమం. అయితే అది ఆయుధం ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య గీసిన గీత కాదు, పరాయి పాలకుడికీ స్వదేశీయుడికీ మధ్య గీసిన గీత; దాని వల్ల ఊళ్ళలోని జనానికి దళం నుంచి ప్రాణభయం తగ్గినా, దళానికి అన్నం పెట్టినందుకు సర్కారు నుంచి వచ్చే శిక్ష తగ్గలేదు.

మలబార్ స్పెషల్ పోలీసులు, ఆ తరవాత అస్సాం రైఫిల్స్ కొండల్లో మకాం వేశారు. అదనపు పోలీసుల ఖర్చును ఆ ప్రాంత వాసుల నుంచే రాబట్టడానికి నాటి చట్టాలు వీలు కల్పించాయి. దాన్ని శిక్షాపన్ను, వాడుకలో దండుగ అనేవారు. తన ఊరిని సోదా చేసే పోలీసుకు తానే జీతమివ్వవలసి రావడం కొండరైతు పాలిట ఈ పన్ను తెచ్చిన విడ్డూరం. రాజుకు తిండి పెట్టారన్న అనుమానంతో ముఠాదారులను తొలగించారు, అరెస్టులు చేశారు. 1924 వసంతంలో ప్రత్యేక కమిషనరుగా వచ్చిన రూథర్‌ఫర్డ్ హయాంలో ఈ ఒత్తిడి పరాకాష్ఠకు చేరింది. అదే ఏడాది మే 7న మంప వద్ద పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. జనాన్ని వేధింపుల నుంచి తప్పించడానికే రాజు తనంతట తాను దొరికిపోయాడన్న కథనం మన్యంలో నేటికీ బలంగా నిలిచి ఉంది. చరిత్రకారులు దీన్ని ఎలా తూకం వేసినా, నాయకుడి త్యాగాన్ని జనం తమ బాధతో ముడిపెట్టి చెప్పుకోవడంలోనే ఆ రెండేళ్ళూ ఊళ్ళు ఏమి పడ్డాయో తెలుస్తుంది. రాజు సహచరుల్లో గాం గంటందొర కాల్పుల్లో మరణించగా, దీర్ఘకాలం జైలు అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

శ్రీకాకుళ ఏజెన్సీ, 1967-70

పార్వతీపురం కొండల్లో సవర, జాతాపు తెగల గిరిజన సంఘం కూలి రేట్ల కోసం, షావుకార్ల చేతికి పోయిన భూముల కోసం సాగించిన ఆందోళన 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద మలుపు తిరిగింది. మొండెంఖల్లులో జరిగే మహాసభకు ఊరేగింపుగా వెళ్తున్న జనంపై భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా ఇద్దరు గిరిజనులు చనిపోయారు. చనిపోయినవారు సభకు వెళ్తున్న మామూలు మనుషులన్నదీ, ఆ హత్యలకు తగిన శిక్ష పడలేదన్నదీ తరవాతి సాయుధ పోరాటాన్ని సమర్థించినవారు పదే పదే చూపిన కారణాలు. 1968 నవంబరు నుంచి వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం, పంచాది కృష్ణమూర్తి మొదలైనవారి నాయకత్వంలో సాగిన పోరాటం వర్గశత్రు నిర్మూలన పేరుతో వడ్డీ వ్యాపారుల, భూస్వాముల హత్యలకు దిగింది. ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాల చట్టాన్ని ప్రయోగించి ప్రత్యేక పోలీసు బలగాలను దింపింది. 1970 జూలైలో సత్యం, కైలాసం మరణించేనాటికి ఉద్యమం చెల్లాచెదురైంది.

ఈ దశలో మన్యానికి కొత్తగా పరిచయమైన రెండు పద్ధతులు సామాన్యుల జీవితాన్ని చాలా కాలం శాసించాయి. మొదటిది గూడేల తరలింపు. చెదురుమదురుగా ఉన్న కొండ ఊళ్ళను ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాలకు చేర్చి, దళాలకు అన్నం, ఆచూకీ అందకుండా చేయడం దీని ఉద్దేశం. 1950ల్లో మలయాలో ఆంగ్లేయులు సుమారు ఐదు లక్షల మంది చైనీయులను కంచెల ఊళ్ళకు తరలించడం, 1960ల తొలి ఏళ్ళలో దక్షిణ వియత్నాం ప్రయత్నం, 1967లో మిజోరం కొండల్లో గ్రామాల కలయిక దీనికి తోబుట్టువులు. పోడు వ్యవసాయం పొలానికి దగ్గరగా కాపురం ఉంటేనే సాగుతుంది, పంట చేతికొచ్చే వేళ పందులనూ చిలుకలనూ తోలడానికి మంచె మీద మనిషి ఉండాలి. అందువల్ల గూడెం తరలితే పంట పోయినట్టే. రెండోది 'ఎన్‌కౌంటర్'. ఎదురుకాల్పులు అనే అర్థంలో వాడే ఈ ఆంగ్ల పదం, పట్టుబడిన మనిషిని చంపి ఎదురుకాల్పులుగా చెప్పడాన్ని సూచించే వ్యంగ్యార్థంతో సహా తెలుగు నుడికారంలో కలిసిపోయింది. ఎమర్జెన్సీ తరవాత ఈ మరణాలపై పౌరహక్కులవాదుల తార్కుండే కమిటీ విచారణ, ప్రభుత్వం తరఫున భార్గవ కమిషన్ నియామకం జరిగాయి. పోరాటం విఫలమైనా, గిరిజన ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని నిషేధించే 1959 నాటి నిబంధనలను 1970లో ఒకటో రెగ్యులేషన్ కట్టుదిట్టం చేయడం వెనక ఆ సంక్షోభపు ఒత్తిడి ఉంది.

మావోయిస్టు దశ: రెండు తుపాకుల మధ్య ఊరు

1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్, 2004లో ఏర్పడిన మావోయిస్టు పార్టీ తూర్పు కనుమల్లో ఆంధ్ర-ఒడిశా సరిహద్దును ప్రధాన స్థావరాల్లో ఒకటిగా మలచుకున్నాయి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు ప్రాంతంలో ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఏడుగురు ఐఏఎస్ అధికారుల అపహరణ దేశమంతటి దృష్టినీ ఇటు తిప్పింది. 1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళాన్ని నెలకొల్పింది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో 38 మంది మరణించారు, వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ జవాన్లు. దేశవ్యాప్తంగా ఈ హింస తీవ్రస్థాయికి చేరిన 2010లో కేంద్ర హోంశాఖ లెక్కల ప్రకారం 720 మంది పౌరులు, 285 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. పోరు తుపాకులు పట్టినవారి మధ్య సాగినట్టు కనిపించినా చావుల్లో పెద్ద వాటా ఎవరిదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఊరి స్థాయిలో ఈ సంఘర్షణ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి వారపు సంతను గమనించడం మేలు. కొండ మీద నుంచి పసుపు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు, కాఫీ గింజలు కావిళ్ళలోనూ తలల మీదా దించుకొని, ఉప్పు, ఎండుచేపలు, నూనె, బట్టలు కొనుక్కొని చీకటి పడేలోగా గూడెం చేరడం సంత నాటి దినచర్య. కూంబింగ్, అంటే అడవిని దువ్వెనతో దువ్వినట్టు గాలించే చర్య, సాగుతున్న రోజుల్లో ఇంటి అవసరానికి మించి బియ్యం, టార్చి బ్యాటరీలు, జ్వరం మాత్రలు మోసుకెళ్ళే మనిషి దారిలో సమాధానం చెప్పుకోవాలి. రాత్రి దళం వచ్చి ఇరవై మందికి అన్నం వండమంటే వండాలి, తెల్లవారి పోలీసులు వచ్చి ఎందుకు వండావంటే అందుకూ జవాబు ఉండాలి. జనం నోట 'అన్నలు' అనే దళానికి ఒక పూట కూడు పెట్టినవాడు పోలీసు దస్తావేజులో సానుభూతిపరుడు, రెండు పూటలు దారి చూపినవాడు మిలీషియా సభ్యుడు. పోలీసు స్టేషన్‌కు ఏ పని మీద వెళ్ళి వచ్చినా దళం దృష్టిలో ఇన్‌ఫార్మర్. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో మావోయిస్టులు ప్రజాకోర్టు పేరిట ఊరి ఎదుటే శిక్షించడం, చంపి మృతదేహం పక్కన ఉత్తరం వదిలిపోవడం ఈ దశలో పదే పదే జరిగాయి. ప్రజాకోర్టులో నిందితుడికి వకీలు ఉండడు, అప్పీలు ఉండదు. ఊరివాళ్ళను సాక్షులుగా కూర్చోబెట్టడం వల్ల ఆ చావులో వాళ్ళందరికీ బలవంతంగా భాగం అంటగట్టినట్టవుతుంది.

ఊరు ఎల్లకాలం మౌనంగా ఉండలేదు. 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపాను గడిచిన కొద్ది రోజులకే, చింతపల్లి మండలం బలపం పంచాయతీ వీరవరంలో మావోయిస్టులు ఒక గిరిజనుడిని చంపగా ఊరివాళ్ళు తిరగబడి దళంపై దాడి చేశారు. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద దారికాచిన మావోయిస్టుల చేతిలో హతులైనప్పుడు, ఆగ్రహించిన అనుచరులు అదే రోజు అరకు, డుంబ్రిగుడ పోలీసు స్టేషన్లపై దాడి చేసి నిప్పు పెట్టారు. మృతులిద్దరూ గిరిజన నాయకులే. ఆ తరవాత జాతీయ దర్యాప్తు సంస్థ కేసు చేపట్టి, దళానికి ఆశ్రయమిచ్చారన్న ఆరోపణపై స్థానిక గిరిజనులను అరెస్టు చేసింది. ఆశ్రయం ఇష్టంతో ఇచ్చినదా, భయంతో ఇచ్చినదా అన్నది ఇటువంటి కేసులన్నిటిలోనూ తేల్చడానికి కష్టమైన ప్రశ్న.

అవతలి వైపు ఆరోపణలూ తక్కువ కావు. 2016 అక్టోబరు 24న మల్కనగిరి జిల్లా రామగుడ వద్ద ఆంధ్ర, ఒడిశా పోలీసుల ఉమ్మడి చర్యలో, ఆ తరవాతి గాలింపులో సుమారు 30 మంది చనిపోయారు. వారంతా మావోయిస్టులేనని పోలీసులు, వారిలో సామాన్య గిరిజనులూ ఉన్నారని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. 2019 మార్చిలో పెదబయలు మండలంలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు మరణించగా, వారు వేటకు వెళ్ళినవారని బంధువులు, హక్కుల సంఘాలు వాదించాయి. పోలీసులు దాన్ని ఎదురుకాల్పులుగానే పేర్కొన్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2020 ఆగస్టులో, అదే మండలంలో పశువులను వెతుకుతూ వెళ్ళిన ఇద్దరు గిరిజనులు మావోయిస్టులు పాతిన మందుపాతర పేలి చనిపోయారు. అడవిలో పశువు వెంట నడిచే దారి, వేటకు పోయే దారి, దళం నడిచే దారి ఒకటే కావడం ఈ నాలుగు చావులకూ ఉమ్మడి నేపథ్యం.

మందుపాతరల ప్రభావం పేలినచోటనే ఆగదు. రోడ్డు కింద మందుపాతర ఉందేమోనన్న భయంతో పోలీసులు రోడ్డు వదిలి అడవిలో నడిచారు, గుత్తేదారులు పని వదిలిపోయారు, యంత్రాలు తగలబడ్డాయి. రోడ్డు లేని ఊళ్ళలో నిండు చూలాలిని, పాము కరిచినవాడిని ఆసుపత్రికి చేర్చడానికి మిగిలింది డోలీయే: ఒక కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, ఇద్దరేసి మార్చుకుంటూ భుజాన మోసుకుపోవడం. డోలీ మోతకు కారణం మావోయిస్టులేనని ప్రభుత్వాలు, ప్రభుత్వ నిర్లక్ష్యమేనని మావోయిస్టులు అంటూ వచ్చినా, సంఘర్షణ ఊసే లేని కొండల్లో కూడా డోలీలు కనిపిస్తాయి కాబట్టి రెండో కారణానికే పాతకాలపు సాక్ష్యం ఎక్కువ. బలిమెల జలాశయం చుట్టుముట్టడంతో మిగతా ప్రపంచానికి దూరమై 'కట్-ఆఫ్ ఏరియా'గా పేరుపడ్డ 151 గ్రామాలకు 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో గానీ అందుబాటులోకి రాలేదు. దాని శంకుస్థాపన 1982 నాటిది.

వాకపల్లి కేసు

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని వాకపల్లిలో, గాలింపు కోసం వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. పోలీసు శాఖ ఆ ఆరోపణను ఖండించింది. ఆనాటి నుంచి ఈ కేసు నడిచిన తీరు సంఘర్షణ ప్రాంతాల్లో న్యాయం ఎంత దూరంలో ఉంటుందో చూపే ఉదాహరణగా న్యాయవాదులు, పరిశోధకులు పేర్కొంటారు. ఫిర్యాదుదారుల మాతృభాష తెలుగు కాదు. నిందితులు, దర్యాప్తు చేసేవారు ఒకే శాఖకు చెందినవారు. నేరారోపణను కొట్టివేయాలన్న పిటిషన్లు హైకోర్టు, సుప్రీంకోర్టుల దాకా వెళ్ళాయి. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విచారణ జరగాల్సిందేనని తేల్చాకే విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానంలో 13 మంది నిందితులపై విచారణ మొదలైంది. అప్పటికి పదేళ్ళు గడిచాయి, తీర్పు వచ్చేలోగా ఫిర్యాదుదారుల్లో ఇద్దరు కన్నుమూశారు.

2023 ఏప్రిల్ 6న న్యాయస్థానం నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. అయితే దర్యాప్తు అధికారులు తమ బాధ్యతను సరిగా నిర్వర్తించలేదని తప్పుపట్టి, మహిళలకు జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా పరిహారం చెల్లించాలని ఆదేశించింది. నిందితుల గుర్తింపు పరేడ్ సకాలంలో జరగకపోవడం కేసును బలహీనపరచిన లోపాల్లో ముఖ్యమైనది. ఒకే తీర్పులో నేరం రుజువు కాలేదన్న నిర్ణయం, పరిహారం చెల్లించాలన్న ఆదేశం పక్కపక్కనే ఉండడం వల్ల ఇరుపక్షాలూ దాన్ని తమకు అనుకూలంగానే చదువుకున్నాయి. చట్టం దృష్టిలో నిందితులు నిర్దోషులు. నిజం తేల్చగలిగే సాక్ష్యాన్ని సేకరించవలసిన మొదటి రోజులను యంత్రాంగం చేజార్చుకున్నదన్నది కూడా అదే తీర్పు చెప్పిన మాట.

సరిహద్దు దాటి వచ్చినవారు

మన్యంలో స్థానికుల వలస కంటే పెద్ద వలస పడమటి నుంచి వచ్చింది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ పౌరసేన మొదలైంది. దాని దాడులు, మావోయిస్టుల ప్రతిదాడులు వందలాది గ్రామాలను ఖాళీ చేయించాయి. రోడ్డు పక్క శిబిరాలకు చేరని కుటుంబాలు శబరి, గోదావరి నదుల వైపు అడవి దారుల వెంట నడిచి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లోకీ, నేటి తెలంగాణలోని భద్రాచలం, ములుగు అడవుల్లోకీ వచ్చాయి. వీరి సంఖ్య 30 వేల నుంచి 50 వేల దాకా ఉంటుందని మానవహక్కుల సంస్థల అంచనా. తెలుగువారు గొత్తికోయలని పిలిచే వీరు మురియా, కోయ తెగలవారు. కోయభాష తెలిసిన స్థానికులతో మాట కలిసింది, పెళ్ళి సంబంధాలూ కలిశాయి. అడవిలో పోడు కొట్టుకొని గుడిసెలు వేసుకోవడంతో అటవీశాఖతో మాత్రం మాట కలవలేదు. గుడిసెలను కూల్చిన సంఘటనలు, హైకోర్టు స్టేలు ఏళ్ళ తరబడి సాగాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో, సల్వాజుడుం తరహాలో గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్ళలేదు.

చట్టం, లెక్క

అంతర్జాతీయ మానవీయ చట్టంలో, అంటే యుద్ధకాలంలో పౌరులను, గాయపడినవారిని, బందీలను కాపాడే నియమాల సముదాయంలో, 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం అంతర్గత సంఘర్షణలకు వర్తిస్తుంది. భారతదేశం ఆ ఒప్పందాలను 1950లో ఆమోదించి, 1960లో చట్టం చేసింది. అంతర్గత సంఘర్షణలకు మరింత విస్తృత రక్షణనిచ్చే 1977 నాటి రెండో అదనపు ప్రోటోకాల్‌లో చేరలేదు. మావోయిస్టు పోరాటాన్ని సాయుధ సంఘర్షణగా గుర్తించనూ లేదు. అందువల్ల మన్యంలో పౌరుడికి ఉన్న రక్షణ దేశీయ శిక్షాస్మృతి, రాజ్యాంగం ఇచ్చినదే. ఎన్‌కౌంటర్ మరణం సంభవించిన ప్రతిసారీ కేసు నమోదు చేసి దర్యాప్తు జరపాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. ఉభయ పక్షాల హింసనూ ఒకే గొంతుతో ప్రశ్నించిన ప్రయత్నాల్లో 1997లో శంకరన్ చొరవతో ఏర్పడిన పౌరస్పందన వేదిక గుర్తుంచుకోదగినది. గుర్తేడులో దళానికి బందీగా ఉండి వచ్చిన అధికారే ఆ వేదికకు పెద్ద కావడం, ఆ కృషి 2004 అక్టోబరు నాటి శాంతి చర్చలకు దారి వేయడం ఈ చరిత్రలో విశేషం. చర్చలు కొద్ది నెలలకే విఫలమయ్యాయి.

మృతుల లెక్కింపులోనే ఒక అసమానత ఇమిడి ఉంది. తీవ్రవాదుల చేతిలో చనిపోయిన పౌరుడి కుటుంబానికి ప్రభుత్వ సాయం అందించే ఏర్పాటు ఉంది, కనుక ఆ మరణం జాబితాకెక్కుతుంది. పోలీసు కాల్పుల్లో చనిపోయిన మనిషి తొలి ప్రకటనలోనే మావోయిస్టుగా నమోదవుతాడు. కాదని నిరూపించే భారం ఆధార్ కార్డు, ఉపాధి హామీ కార్డు, రేషన్ కార్డు పట్టుకొని జిల్లా కేంద్రానికి దిగివచ్చే కుటుంబం మీద పడుతుంది. శవపరీక్ష జరిగే ఆసుపత్రి, ఫిర్యాదు తీసుకునే కార్యాలయం, న్యాయస్థానం చాలావరకు ఘాట్ దిగువనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడడంతో వాటిలో కొన్ని కొండ మీదికి వచ్చాయి. 2025 నవంబరులో మావోయిస్టు అగ్రనేత మడవి హిడ్మా మరణించింది ఆ జిల్లా మారేడుమిల్లి అడవుల్లోనే. 1879లో తమ్మన్నదొర మనుషులు తిరిగిన కొండలకు అవి కూతవేటు దూరం.